మీనాకుమారి గారి జనరేటరు

మొగల్తూరులో పెళ్ళి కుదిరితే పురోహితుడి తర్వాత కబురు వెళ్ళేది మీనాకుమారికే. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు, గ్యాస్ పొయ్యిలు, రంగు దీపాల తోరణాలు అన్నీ ఆవిడ దగ్గరే అద్దెకు దొరుకుతాయి. వీధి మలుపులో తూర్పు ముఖంగా డాబా ఇల్లు, దాని వెనక రేకులు కప్పిన గోడౌను. గోడౌను మధ్యలో చక్రాల బండి మీద ఒక పాత డీజిల్ జనరేటరు. కరెంటు పోయినప్పుడు అది హోరెత్తిందంటే పెళ్ళిపందిరి పట్టపగల్లా వెలిగిపోయేది.

ఆవిడ పుట్టింది పెద్దాపురంలో. తండ్రిది గాజుల కొట్టు. మరిడమ్మ జాతర రోజుల్లో బల్ల మీద నిలబడి, కింద ఎగబడే జనానికి గాజులందిస్తూ పెరిగిన పిల్ల. జనం ఎంత పోగైతే ఆవిడకు అంత హుషారు. అలాంటి మనిషిని మొగల్తూరులో కిరాణా కొట్టు నడిపే మల్లేశ్వరరావుకిచ్చి పెళ్ళి చేశారు. ఆయన బొత్తిగా నెమ్మదస్తుడు. పచారీ పొట్లం కట్టాక దారం ముడి రెండుసార్లు లాగి చూసుకునే రకం. సప్లై సామాను వ్యాపారం పెడదామని ఆవిడ అన్నప్పుడు ఏడాదిపాటు ఆలోచించి సరేనన్నాడు. జనరేటరు కొన్నప్పుడు మాత్రం సరేననలేదు.

“కొన్నావు, బాగానే ఉంది. ఏడాదిలో సగం రోజులు మూల కూర్చుంటుంది. గుదిబండ మీనా ఇది, గుదిబండ,” అన్నాడు.

“మూల కూర్చుంటే తిండి పెట్టక్కర్లేదు కదండీ,” అని నవ్వేసిందావిడ.

కార్తీకమాసం పెళ్ళిళ్ళు మొదలవబోతుండగా తుఫాను కబురొచ్చింది. తుఫానుకు ముందురోజు మధ్యాహ్నం, ప్రభుత్వం పంపిన హెచ్చరికతో ఊళ్ళో ఉన్న ఫోన్లన్నీ ఒక్కసారిగా సైరన్లలా కూశాయి. కిరాణా కొట్లో బేరానికొచ్చినవాళ్ళు ఉలిక్కిపడి ఎవరి ఫోను వాళ్ళు తీసి చూసుకున్నారు. తీరం దాటేది ఈ చుట్టుపక్కలేనట. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు హర్షిత కాలేజీకి సెలవులిచ్చారని సాయంత్రం బస్సులో వచ్చేసింది. కాలవగట్టు మీద పెంకుటిల్లు ఖాళీ చేసి, జనరేటరు నడిపే బుల్లియ్య, భార్య కృపారాణి సామాన్ల మూటతో వచ్చారు. కృపారాణి చంకలో మూతపెట్టిన కోళ్ళ గంప.

“అవి లోపలికెందుకే?” అంది మల్లేశ్వరరావు తల్లి మహాలక్ష్మమ్మ. నీసు వాసన గిట్టని మనిషి.

“బయటుంటే ఎగిరి సముద్రంలో పడిపోతాయండి మామ్మగారూ. నోరులేనివి కదండీ,” అంది కృపారాణి దీనంగా.

“సరే, గుమ్మం పక్కన పెట్టు. ఇంట్లో గుడ్డు గనక పెట్టాయంటే ఊరుకోను, ముందే చెప్తున్నా.”

మర్నాడు తెల్లవారేసరికి ఈశాన్యం నుంచి గాలి మొదలైంది. కరెంటు అప్పటికే తీసేశారు. మొదట వాన సన్నగా పడింది. తర్వాత వాన పడటం మానేసి అడ్డంగా పరిగెత్తడం మొదలుపెట్టింది. కిటికీ రెక్కల సందుల్లోంచి నీళ్ళు పిచికారీలా కొడుతున్నాయి. హర్షిత, కృపారాణి పాత చీరలు చింపి సందుల్లో కుక్కుతుంటే, ఒక కిటికీ ఆగేలోపు ఇంకో కిటికీ కారుతోంది. వీధిలో కొబ్బరిచెట్లు తలలు విరబోసుకుని శివమెత్తినట్టు ఊగుతున్నాయి. డాబా మీద నీళ్ళ ట్యాంకు దొర్లుతున్న చప్పుడు అందరికీ వినిపించింది. ఆ తర్వాత అది పక్కింటి గోడకు కొట్టుకుని బద్దలైన చప్పుడూ వినిపించింది.

“అదిగో, పోయింది!” అంది హర్షిత. భయపడాల్సిన పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని కిటికీ సందుకు అతుక్కుపోయింది. “అమ్మా, ఎదురింటి శేషుగారి రేకులు చూడు, పేకముక్కల్లా లేస్తున్నాయి!”

“ఇటు రావే ముందు!” అని తల్లి ఆ పిల్లను వెనక్కి లాగి, తను కిటికీ దగ్గర నిలబడింది. ఆవిడ చూపు పెరటివైపు, గోడౌను మీద ఉంది. కప్పు చివర రెండు రేకులు అప్పటికే లేచి దడదడా కొట్టుకుంటున్నాయి. చూస్తుండగానే ఒకటి ఊడి, గింగిరాలు తిరుగుతూ కొబ్బరితోటలోకి పోయింది. ఆ వెనకే మడతలు విప్పుకున్న ఒక షామియానా గుడ్డ, ఎర్రదీ తెల్లదీ చారలు, కప్పు కన్నంలోంచి పైకి లేచి గాలిపటంలా ఎగిరిపోయింది.

మీనాకుమారి కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది. భర్త వచ్చి పక్కన నిలబడ్డాడు.

మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. తగ్గలేదు, ఆగిపోయింది. వాన కూడా నిలిచిపోయింది. మబ్బుల్లోంచి పలచటి వెలుతురు పడింది. చెవుల్లో హోరు మాత్రం ఇంకా మోగుతూనే ఉంది. బుల్లియ్య తలుపు తీసి వీధిలోకి చూశాడు. నాలుగిళ్ళ అవతల ఎవరో బయటికొచ్చి “అయిపోయిందిరోయ్!” అని కేకపెట్టారు.

“అవ్వలేదు!” మహాలక్ష్మమ్మ మంచం మీంచి లేచి వచ్చింది. ఆవిడ పుట్టిల్లు కోనసీమ. తొంభై ఆరు తుఫానులో పుట్టింట్లోనే ఉంది. “అప్పుడూ ఇలాగే ఆగితే మా వాళ్ళు బయటికెళ్ళారు. గాలి తిరుగుద్దర్రా. ఇందాక ఈశాన్యం నుంచి కొట్టింది, ఇప్పుడు నైరుతి నుంచి కొడతాది. వీధిలో వాళ్ళకి చెప్పండి, లోపలికి పొమ్మనండి!”

హర్షిత గుమ్మంలో నిలబడి గొంతు చించుకుని అరిచింది. “లోపలికెళ్ళండి! మళ్ళీ వస్తుందంట! శేషుగారూ, లోపలికండీ!”

మీనాకుమారి మాత్రం నైరుతి అన్న మాట దగ్గరే ఆగిపోయింది. గోడౌనుకు ఆ వైపునే సిమెంటు పూత లేని ఎత్తైన ఇటుక గోడ. దాని వెనక పక్కవాళ్ళ కొబ్బరిచెట్లు. గాలి అటునుంచి కొడితే గోడ పడేది సరిగ్గా జనరేటరు మీదే.

“అత్తయ్యగారూ, ఎంతసేపుంటుంది ఈ ఆగటం?”

“ఎవరికి తెలుసమ్మా? మా అప్పుడు అన్నం వండుకుని తినేంతసేపు ఉంది. ఒక్కో ఊళ్ళో అంత కూడా ఉండదు.”

“అయితే ఇప్పుడే లాగెయ్యాలి. బుల్లియ్యా, మోకు తియ్యి!”

“ఏం లాగుతావు?” మల్లేశ్వరరావు అడ్డం నిలబడ్డాడు. “ఇనప ముక్క మీనా అది. పోతే పోయింది. మనుషుల కంటే ఎక్కువా?”

“కాదండీ. కానీ గాలి ఇంకా రాలేదు. వచ్చిన చప్పుడు వినపడితే మోకు అక్కడే వదిలేసి లోపలికొచ్చేద్దాం. మీమీద ఒట్టు.”

ఆయన ఒక క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. తర్వాత పంచె ఎగ్గట్టి, అందరికంటే ముందు పెరట్లోకి దిగాడు. ఆయన అంత వేగంగా నడవగలడని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

గోడౌనులో మోకాలి కింద దాకా నీళ్ళు. కుర్చీలు తేలుతున్నాయి. గుండిగలు ఒకదానికొకటి తగిలి గుడిగంటల్లా మోగుతున్నాయి. బుల్లియ్య జనరేటరు బండికి మోకు కట్టాడు. మల్లేశ్వరరావు, మీనాకుమారి, హర్షిత ముందునుంచి లాగారు. బుల్లియ్య, కృపారాణి వెనకనుంచి నెట్టారు. బండి గోడౌను గుమ్మం దాకా సులువుగానే వచ్చింది. గుమ్మం దిగగానే కుడి చక్రం బురదలో ఇరుసు దాకా కూరుకుపోయింది.

“ఇంకోసారి! హైలెస్సా!” అన్నాడు బుల్లియ్య. కదల్లేదు.

“గెడలు! పందిరి గెడలు తెండి!” అంది మీనాకుమారి. హర్షిత పరిగెత్తి రెండు వెదురు గెడలు ఈడ్చుకొచ్చింది. వాటిని చక్రం కింద దూర్చారు. మళ్ళీ లాగారు. గెడ ఫెళ్ళున విరిగింది గాని చక్రం పైకి లేచింది. బండి ఒక్క ఊపున ముందుకొస్తే మల్లేశ్వరరావు వెల్లకిలా పడ్డాడు.

“నాన్నా!”

“నాకేం కాలేదు, లాగండి, లాగండి!” ఆయన బురదలోంచే అరిచాడు.

ఇంటి పక్క సందులోంచి బండిని ముందుకు తెస్తుండగా దూరంగా, సముద్రం వైపు కాదు, నరసాపురం వైపు కాదు, ఎటునుంచో తెలియని ఒక మోత. రైలు వంతెన మీదికెక్కినప్పుడు వచ్చే మోతలాంటిది. మొగల్తూరులో రైలు లేదు.

“వచ్చేత్తందండీ!” అని కేకేశాడు బుల్లియ్య. వదిలెయ్యమని మీనాకుమారి నోరు తెరిచేలోగా, వీధిగుమ్మంలోంచి మహాలక్ష్మమ్మ కేక వినిపించింది. “ఇంకో నాలుగు బారలేనర్రా! లాగండి!” అంటూ ఆవిడ కూడా మెట్లు దిగి వచ్చి మోకు కొస పట్టుకుంది. అందరూ కలిసి బండిని ఇంటి ముందు వసారాలోకి, గోడ మాటుకు ఈడ్చి పడేసి లోపలికి దూరి తలుపు గడియ పెట్టారు. గాలి వెనక్కి తిరిగి వచ్చి పెరటి గోడను గుద్దింది.

ఆ తర్వాత కాసేపటికి నేల అదిరింది. గోడ పడిందని ఎవరూ చెప్పుకోనక్కర్లేకపోయింది. తలుపుకు వీపులు ఆనించి, బురదతో, తడి బట్టలతో, రొప్పుతూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదట హర్షితకు నవ్వొచ్చింది. తర్వాత అందరికీ వచ్చింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండా ఆ హోరులో పగలబడి నవ్వారు. గుమ్మం పక్క గంపలో కోడి గట్టిగా కొక్కరించింది. కృపారాణి గబగబా వెళ్ళి చూసి, ఏదో కొంగులో దాచుకుంది. మహాలక్ష్మమ్మ చూసీ చూడనట్టు మొహం తిప్పుకుంది.

తెల్లారి లేచి చూస్తే ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కింద ఊరు మాత్రం గుర్తుపట్టేట్టు లేదు. వీధికడ్డంగా కొబ్బరిచెట్లు, వాటికి చుట్టుకున్న కరెంటు తీగలు. పొలాల్లో గింజ పట్టిన చేను చాప పరిచినట్టు పడిపోయి నీళ్ళ కింద ఉంది. గోడౌను ఉన్నచోట ఇటుకల కుప్ప, దానిమీద పడుకున్న కొబ్బరిచెట్టు. రంగు దీపాల తోరణాలు ముక్కలు ముక్కలు. ఎన్నో ఏళ్ళుగా ఒక్కొక్కటీ కూడబెట్టిన సామాను అది. మీనాకుమారి బోర్లాపడ్డ గుండిగ మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మల్లేశ్వరరావు పక్కనే నిలబడి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. వీధిలో అందరూ చూస్తున్నా తియ్యలేదు.

“అమ్మగారండీ,” అని కృపారాణి వచ్చింది. “తాగేందుకు నీళ్ళు లేవండి. ప్లాంటు దగ్గర బిందెలు పెట్టుకుని జనం కూర్చున్నారండి. కరెంటు ఎప్పటికొస్తాదో తెలవదంటన్నారండి.”

మొగల్తూరులో బోరు నీళ్ళు ఉప్పన. తాగాలంటే మంచినీళ్ళ ప్లాంటే గతి. మీనాకుమారి కళ్ళు తుడుచుకుని లేచింది. లేచిన మనిషి వసారా వైపు చూసింది.

సరిగ్గా అప్పుడే భీమరాజు వచ్చాడు. ఊరి చివర రొయ్యల చెరువులు సాగుచేసే మనిషి. ఒంటినిండా బురద, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“చెల్లెమ్మా, మీ జనరేటరు బాగుందటగా? నాకిప్పించండి. మా షెడ్డు మీద చెట్టు పడి మా మిషను నుజ్జునుజ్జయిపోయింది. చెరువులో నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆగిపోయినియ్యండి. గాలి అందకపోతే రొయ్యంతా పైకి తేలిపోద్ది. మీరేం అడిగితే అది ఇస్తాను.”

మల్లేశ్వరరావు భార్య వైపు చూశాడు. అడిగినంత ఇస్తానంటున్నాడు. గోడౌను మళ్ళీ కట్టుకోవాలి. ఆయన నోటిదాకా వచ్చిన మాట మింగి, “నీ ఇష్టం మీనా,” అన్నాడు.

“రాజుగారూ, ఊళ్ళో తాగే నీళ్ళు లేవండి. పిల్లలున్న ఇళ్ళు.”

“తెలుసమ్మా, తెలుసు. నేనేం కాదంటానా?” భీమరాజు తలుపు చెక్కను పట్టుకుని నిలబడ్డాడు. “కానీ ఈ పంట పోతే నేను లేవలేనండి.”

“పగలు కూడా తిప్పాలా అంకుల్ ఏరేటర్లు?” హర్షిత అడిగింది.

“ఎండ కాస్తే నీళ్ళలో పాచి కాస్త గాలి వదులుద్ది కాబట్టి పగలు ఎలాగో ఓర్చుకుంటాయి. పొద్దుగూకితే మాత్రం ఆగవు తల్లీ.”

మీనాకుమారి చేత్తో నుదురు కొట్టుకుంది. “మరింకేంటండీ! పగలు ప్లాంటు, చీకటి పడేలోపు మీ చెరువు. మీ ఇంటి దగ్గర ట్రాక్టరుంది. డీజిలుందా?”

“డ్రమ్ముందండి!”

“తెప్పించండి! కిరాయి గిరాయి నాకేం వద్దు. మీ డీజిలు, మీ ట్రాక్టరు, నా మిషను. ముందు ఇది లేస్తుందో లేదో చూడాలి. బుల్లియ్యా!”

వీధిలో పడ్డ చెట్లు తలో చెయ్యీ వేసి పక్కకు లాగి ట్రాక్టరు తెచ్చారు. బుల్లియ్య మూతలు విప్పి, తడంతా గుడ్డలతో ఒత్తి, ట్రాక్టరు బ్యాటరీ తగిలించాడు. వసారా ముందు వీధి వీధంతా పోగైంది. మొదటిసారి మిషను చిన్నగా మూలిగి ఊరుకుంది. రెండోసారి దగ్గింది. ఎవరో “సత్యనారాయణస్వామీ!” అని అన్నవరం దిక్కుకు దణ్ణం పెట్టారు. బుల్లియ్య ఏదో పైపు విప్పి ఊది మళ్ళీ బిగించాడు. ఈసారి నల్లటి పొగ ఒక్కసారిగా ఎగజిమ్మి, దడదడమని వసారా అదిరిపోయేట్టు పలికింది. జనం వేసిన కేకకు ఆ మోత కూడా వినపడలేదు.

ఆ రోజు ప్లాంటు దగ్గర తిరణాలే. బిందెలు, టిన్నులు, పాల క్యాన్లు, ఆఖరికి కుక్కర్లు. హర్షిత పెళ్ళిళ్ళ లైట్ల కోసం ఇంట్లో దాచిన ఎక్స్‌టెన్షన్ బోర్డులు వరసగా కలిపి, ఊరి ఫోన్లన్నీ ఛార్జింగుకు పెట్టింది. ఎవరిది ఏదో తెలియడానికి ఒక్కోదానికి పేరు రాసిన ప్లాస్టరు ముక్క అతికించింది. సిగ్నలు ప్లాంటు మేడమీద ఒక్క మూలే అందుతోందని తెలిసి అక్కడొక క్యూ. “మేం బాగానే ఉన్నాం!” “ఆఁ, ఇల్లు నిలబడింది!” అని పైనుంచి అరుపులు. మీనాకుమారి జాతర బల్ల మీద నిలబడ్డ రోజుల్లోలా, గొంతు పోయేదాకా వరస సర్దుతూ నిలబడింది.

పొద్దు వాలుతుండగా చెరువు దారి చూడటానికి వెళ్ళిన భీమరాజు తిరిగొచ్చాడు. తల అడ్డంగా ఊపాడు.

“ఏంటండీ?”

“దారి పొడుగునా చెట్లేనమ్మా. పొద్దున్న నేను వాటికింద దూరి వచ్చాను, ఆ కంగారులో ట్రాక్టరు ఎలా పోద్దో ఆలోచించలేదు. ట్రాక్టరు పోదు.”

మీనాకుమారి ఒక్కసారి సూర్యుడి వైపు చూసింది. ట్రాక్టరు మీదికెక్కింది. “ఏవండోయ్, ఇటు వినండి! ఇన్ని నీళ్ళు రాజుగారి డీజిలుతోనే వచ్చినియ్యి. ఆయన చెరువు పోతోంది. ఇంటికొక్కరు, కత్తి ఉన్నవాళ్ళు కత్తి, గొడ్డలి ఉన్నవాళ్ళు గొడ్డలి పట్టుకుని చెరువు దారికి రండి. పొద్దు లేదు!”

ముందుగా శేషు బిందె కింద పెట్టి ఇంటివైపు పరిగెత్తాడు. అంతే, ఇక ఆగలేదు. కొబ్బరి దింపేవాళ్ళు కత్తులతో, కట్టెల అడితి వాళ్ళు రంపపు మిషనుతో, ఏమీ లేనివాళ్ళు వట్టి చేతులతో వచ్చారు. ముందు నరికేవాళ్ళు, వాళ్ళ వెనక లాగేవాళ్ళు, ఆ వెనక ట్రాక్టరు, దాని వెనక ఊగుతూ జనరేటరు. ఒక్కో చెట్టు పక్కకు దొర్లినప్పుడల్లా ఈలలు. మల్లేశ్వరరావు చొక్కా విప్పి తలకు చుట్టుకుని, కేకలేస్తూ మట్టలు లాగేస్తున్నాడు. కిరాణా కొట్టు దాటి వచ్చి ఆయన అలా అరుస్తుంటే చూసి జనం రెట్టింపు హుషారైపోయారు. గట్టు మెత్తగా ఉందని చివర ట్రాక్టరు ఆపేసి, బండిని మనుషులే మోసినంత పని చేసి చెరువు ఒడ్డుకు చేర్చారు.

అప్పటికి ఎండ పోయింది. నీటి అంచున రొయ్యలు పైకొచ్చి మీసాలు ఆడిస్తున్నాయి. భీమరాజు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. “మొదలైపోయింది... మొదలైపోయిందండీ...”

“లేవండి రాజుగారూ, వైర్లు మీకే తెలుసు!” మీనాకుమారి ఆయన్ని గదమాయించింది. ఆయన లేచి చూపిస్తుంటే బుల్లియ్య వైరు కలిపాడు. మిషను మోగింది. చెరువు మధ్యలో ఏరేటరు రెక్కలు ఒకసారి ఊగి, కదిలి, గిర్రున తిరిగాయి. తెల్లటి నురగ లేచింది. ఒకటి, దాని తర్వాత ఇంకొకటి. చెరువంతా చిలకడం మొదలైంది. గట్టు మీద జనం తువ్వాళ్ళు గాల్లోకి ఎగరేశారు. భీమరాజు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. తడి చేతులతో మీనాకుమారికి దణ్ణం పెట్టబోతే ఆవిడ వెనక్కి జరిగి, “పెద్దవారు, అలా చెయ్యకూడదండీ,” అంది.

కరెంటు రావడానికి వారం దాటింది. అన్నాళ్ళూ ఆ మిషను పగలు ప్లాంటు దగ్గరా, పొద్దుగూకాక చెరువు దగ్గరా తిరుగుతూనే ఉంది. ఒడ్డునున్న రొయ్య కొంత పోయింది గాని పంట నిలబడింది. గోడౌను కిందపడ్డ ఇటుకలు చెక్కి, శుభ్రం చేసి, వీధివాళ్ళే తలో చెయ్యీ వేసి మళ్ళీ గోడ లేపారు. ఈసారి తక్కువ ఎత్తున, గట్టి పూతతో. కొబ్బరిచెట్ల మీద, కాలవలో, పక్క ఊరి బడి ప్రహరీ మీద దొరికిన షామియానా గుడ్డల్ని ఎవరికి దొరికినవి వాళ్ళు ఉతికి తెచ్చిచ్చారు. కృపారాణి, మీనాకుమారి కుట్టుమిషను ముందు కూర్చుని చిరుగులన్నీ అతుకులేశారు. ఎరుపు మీద నీలం, నీలం మీద పసుపు. కార్తీకంలో మొదటి పెళ్ళికి ఆ షామియానానే వేస్తే, పెళ్ళికూతురు దాన్ని చూసి ఇది కొత్త ఫ్యాషనా అని అడిగిందట.

రొయ్య పట్టిన రోజు పొద్దున్నే భీమరాజు మనిషి ఐసు పెట్టెతో వచ్చాడు. మూత తీస్తే నిగనిగలాడే పెద్ద పెద్ద రొయ్యలు. మహాలక్ష్మమ్మ ముక్కు మూసుకుని మూడు గదులవతలికి పారిపోయింది.

“రాజుగారికి మనం తినమని తెలీదా?” అన్నాడు మల్లేశ్వరరావు నవ్వాపుకుంటూ.

“తెలుసండీ. ఆ సంతోషంలో మర్చిపోయుంటారు.” మీనాకుమారి మూత బిగించి, పెట్టె బుల్లియ్య చేతికిచ్చింది. “మీ ఇంటికి పట్టుకెళ్ళు. కృపారాణికి చెప్పు, కాలవగట్టు మీద అందరికీ పంచమని. మిగిల్చిందంటే ఊరుకోను.”

బుల్లియ్య పెట్టె నెత్తిన పెట్టుకుని వీధిలో నాలుగు అడుగులు వేశాడో లేదో, మీనాకుమారి ఫోను మోగింది. నరసాపురం నుంచి ఎవరిదో పెళ్ళి. ఆవిడ కొంగు దోపుకుంటూ, “ఆయ్, చెప్పండి. ఎన్ని కుర్చీలు కావాలండీ?” అంటూ గోడౌను వైపు నడిచింది.